పద్దెనిమిదిన్నరేళ్లకు మొదలయ్యే శిక్ష

అమెరికా వలస చట్టంలో 1996లో చేరిన నిబంధన ఒకటుంది. అనుమతి లేకుండా ఆ దేశంలో 180 రోజులకు మించి ఉండి బయటికి వెళ్లినవాళ్లు మూడేళ్ల పాటు తిరిగి అడుగుపెట్టకూడదు. ఏడాది, అంతకు మించి ఉంటే పదేళ్లు. ఇందులో పిల్లలకు ఒక మినహాయింపు ఉంది. పద్దెనిమిదేళ్లు నిండకముందు గడిపిన కాలాన్ని ఈ లెక్కలోకి తీసుకోరు. చంకనెత్తుకుని సరిహద్దు దాటించింది తల్లి, బిడ్డకేం తెలుసు అని చట్టమే ఒప్పుకుందన్నమాట. కానీ పద్దెనిమిదో పుట్టినరోజు నుంచి లెక్క మొదలవుతుంది. అక్కడి నుంచి ఆర్నెల్లలోగా ఆ కుర్రాడు అమ్మానాన్నల్ని, అమెరికాలోనే పుట్టిన చెల్లెల్ని, సగంలో ఉన్న చదువుని వదిలేసి, ఊహ తెలిశాక ఒక్కసారి కూడా చూడని దేశానికి తనంతట తాను వెళ్లిపోవాలి. వెళ్లకపోతే, అప్పటిదాకా తల్లిదండ్రులదిగా ఉన్న తప్పు ఆ రోజు నుంచి అతనిదైపోతుంది.

చిన్నప్పుడు పెద్దలు తీసుకొచ్చిన ఇలాంటివాళ్లని అమెరికాలో డ్రీమర్లు అంటున్నారు. వీళ్లని వెనక్కి పంపాలా వద్దా అన్న చర్చ అక్కడ పాతికేళ్లుగా నలుగుతోంది. పంపొద్దనేవాళ్లు ఎక్కువగా చెప్పేది వీళ్ల మంచితనం గురించి. బాగా చదువుతారు, సైన్యంలో చేరతారు, ఆస్పత్రుల్లో పనిచేస్తారు, పన్నులు కడతారు అంటారు. నిజమే. అయినా ఈ వాదన నాకు బలహీనంగా అనిపిస్తుంది. మార్కులు తక్కువ వచ్చిన కుర్రాడిని, చిన్న హోటల్లో గిన్నెలు కడిగే అమ్మాయిని పంపేయొచ్చని ఒప్పుకున్నట్టేగా? వీళ్ల యోగ్యతను తూకం వేయడం మానేసి ప్రభుత్వం ఏం చేసిందో చూడాలి. ఏ తప్పూ చేయని మనిషిని తప్పులో నిలబెట్టి, దిద్దుకునే దారులన్నీ మూసి, దిద్దుకోలేదు కాబట్టి పొమ్మంటోంది. నా అభ్యంతరం అక్కడ.

లైను ఎక్కడుంది?

"అంతగా కావాలంటే పద్ధతి ప్రకారం దరఖాస్తు పెట్టుకోవచ్చు కదా, అందరూ లైన్లో రావడం లేదా" అని అడిగేవాళ్లు అమెరికావాళ్లలోనే కాదు, మనలోనూ చాలామంది ఉన్నారు. అక్కడ గ్రీన్‌కార్డుకు ప్రధానంగా ఉన్నవి రెండు దారులు: దగ్గరి బంధువైనా ఉండాలి, ఉద్యోగమిచ్చే కంపెనీ అయినా ఉండాలి. తనిఖీ లేకుండా సరిహద్దు దాటి వచ్చిన వ్యక్తికి ఆ రెండూ ఉన్నా, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, దేశంలో ఉండగా గ్రీన్‌కార్డు ఇవ్వరు. పుట్టిన దేశానికి వెళ్లి అక్కడి అమెరికా కాన్సులేట్లో వీసా తీసుకుని రావాలి. కానీ అమెరికా గడప దాటిన క్షణమే పదేళ్ల నిషేధం మీద పడుతుంది. అమెరికా పౌరురాలిని పెళ్లి చేసుకున్నా ఇంతే. తాను దూరమైతే భార్య భరించలేనంత కష్టంలో పడుతుందని రుజువు చేసి మినహాయింపు అడగాలి, ఇవ్వడం ఇవ్వకపోవడం అధికారి చేతిలో ఉంటుంది.

వీసా మీద వచ్చి గడువు దాటి ఉండిపోయినవాళ్లకు మాత్రం పౌరులతో పెళ్లి అనే దారి ఉంది, వాళ్లు దేశం వదిలి వెళ్లనక్కర్లేదు. అంటే రెండేళ్ల వయసులో తాను విమానంలో వచ్చాడా, ట్రక్కు వెనకాల వచ్చాడా అన్నదాన్ని బట్టి ముప్పయ్యేళ్ల వయసులో అతని పెళ్లికి విలువ ఉందో లేదో తేలుతుంది. ఈ ఒక్క సంగతి చాలు, ఆ లైను గురించి మాట్లాడేవాళ్లు మరోసారి ఆలోచించడానికి.

రెండేళ్ల కార్డు

2012 జూన్ 15న ఒబామా ప్రభుత్వం డాకా అనే ఏర్పాటు ప్రకటించింది. పదహారేళ్లు నిండకముందే అమెరికా వచ్చి ఉండాలి. 2007 జూన్ 15 నుంచి అక్కడే ఉంటూ ఉండాలి. ప్రకటన నాటికి 31 ఏళ్లు నిండి ఉండకూడదు. చదువుతూనో, హైస్కూలు పూర్తి చేసో, సైన్యంలో పనిచేసి గౌరవంగా బయటికి వచ్చో ఉండాలి. పెద్ద నేరాలు ఉండకూడదు. ఇవన్నీ ఉంటే రెండేళ్ల పాటు దేశం నుంచి పంపించకుండా ఆగుతారు, పని చేసుకోవడానికి కార్డు ఇస్తారు. ఇప్పటిదాకా ఎనిమిది లక్షల మందికి పైగా దీని కింద రక్షణ పొందారు. 2025 నాటికి అందులో మిగిలినవాళ్లు ఐదు లక్షల పైచిలుకు. వాళ్లలో ఐదుగురికి నలుగురు మెక్సికోలో పుట్టినవాళ్లు.

ఆ దరఖాస్తుకు జతచేసే కాగితాలు చూస్తే వీళ్లు ప్రభుత్వాన్ని ఎంత నమ్మారో అర్థమవుతుంది. ఐ-821డి అనే ఫారం నింపి, ఏళ్ల తరబడి దేశంలోనే ఉన్నట్టు సాక్ష్యాలు పెట్టాలి. బడి హాజరు పట్టికలు, ప్రోగ్రెస్ కార్డులు, టీకాల చీటీలు, ఆస్పత్రి బిల్లులు, ఇంటద్దె రసీదులు, చర్చి ఇచ్చిన ఉత్తరాలు. అంతకాలం ఎవరి కంటా పడకుండా బతికిన కుటుంబం, ఎప్పుడు ఎక్కడున్నామో తామే సాక్ష్యం పోగుచేసింది. ఇంటి చిరునామా రాసి, పిల్లల వేలిముద్రలు వేయించి, తమని పంపించేసే అధికారం ఉన్న హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖకే అప్పగించింది. నేడు డాకా తీసేయాలనేవాళ్లు ఈ సంగతి ఎత్తరు. ఆ శాఖ దగ్గర ఇప్పుడు ఆ లక్షల మంది చిరునామాలూ ఉన్నాయి.

దక్కింది మాత్రం రెండేళ్ల కార్డు. గడువు తీరడానికి నాలుగైదు నెలల ముందే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఆఫీసులో ఆలస్యమై కొత్త కార్డు రాకపోతే పాతదాని గడువు ముగిసిన రోజే కంపెనీ పనిలోంచి పక్కనపెడుతుంది. చాలా రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్సుకు కూడా ఆ కార్డు మీద ఉన్న తేదీయే ఆఖరి తేదీ. ఇల్లు కొనుక్కోవడానికి ముప్పయ్యేళ్ల లోను తీసుకున్న మనిషికి, తాను రెండేళ్ల తర్వాత ఆ దేశంలో ఉంటాడో లేడో తెలియదు.

వీళ్లని ఇంకా పిల్లలనే పిలుస్తున్నాం గానీ, డాకాలో అందరికంటే పెద్దవాళ్లకు 2025లో 44 ఏళ్లు నిండాయి. అమెరికా పౌరులైన పిల్లలకు తల్లిదండ్రులు వాళ్లు. అటు చివర చూస్తే ఇంకో సమస్య. 2007 జూన్‌లో పొత్తిళ్లలో వచ్చిన బిడ్డకు కూడా 2025 జూన్ నాటికి పద్దెనిమిదేళ్లు నిండాయి. అంటే ఆ తర్వాత హైస్కూలు గడప దాటే, పత్రాలు లేని పిల్లల్లో దాదాపు ఎవరికీ డాకా వర్తించదు. ఏటా ఒక కొత్త తరగతి డిగ్రీ చదువు ముందు నిలబడుతోంది, చేతిలో ఆ రెండేళ్ల కార్డు కూడా లేకుండా.

కోర్టు కథ త్వరగా చెప్పుకోవచ్చు. 2017 సెప్టెంబరులో ట్రంప్ ప్రభుత్వం డాకా రద్దును ప్రకటించింది. 2020 జూన్‌లో సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో ఆ రద్దును కొట్టేసింది. డాకాని నమ్ముకుని జీవితాలు కట్టుకున్నవాళ్ల సంగతి పట్టించుకోకుండా రద్దు చేశారన్నది ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ చూపిన కారణాల్లో ఒకటి. ఆ తర్వాత ఏడాదికే టెక్సాస్‌లోని ఫెడరల్ జడ్జి హానెన్ డాకా చట్టవిరుద్ధమన్నారు. పాతవాళ్ల రెన్యువల్స్ సాగుతున్నాయి, కొత్తవాళ్లకు మంజూరు ఆగిపోయింది. 2025 జనవరిలో అయిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ తీర్పును టెక్సాస్‌కు పరిమితం చేస్తూ, దేశం నుంచి పంపకపోవడం వేరు, పని చేసుకోనివ్వడం వేరు అని విడదీసింది. అది అమలైతే టెక్సాస్‌లో ఉన్న డ్రీమరు ఇంట్లో ఉండొచ్చు, సంపాదించుకోవడానికి మాత్రం వీల్లేదు. మనిషిని ఉండనిచ్చి తిండి సంపాదించుకోనివ్వకపోవడం, పొమ్మనడానికి ఇంకో పద్ధతి.

ట్రంప్ మాట కూడా నిలకడగా లేదు. 2024 డిసెంబరు ఇంటర్వ్యూలో డ్రీమర్లకు ఏదో ఒకటి చేయాలని, దానికి డెమోక్రాట్లతో కలిసి పనిచేస్తానని అన్నారు. 2025లో ఆయన ప్రభుత్వంలోని హోంల్యాండ్ సెక్యూరిటీ ప్రతినిధులు, డాకా ఉన్నంత మాత్రాన చట్టబద్ధ హోదా ఉన్నట్టు కాదని, తమంతట తాము వెళ్లిపోవడం మంచిదని చెప్పడం మొదలుపెట్టారు.

ఎదుటివాళ్ల వాదనలో పస ఉన్నచోట

డాకా వ్యతిరేకులు చెప్పేవన్నీ కొట్టిపారేయదగ్గవి కావు. ఇంత పెద్ద నిర్ణయం ఒక శాఖ మెమోతో జరగకూడదన్నది వాళ్ల మొదటి మాట. దీనితో నేను చాలావరకు ఏకీభవిస్తాను. తన ఒక్కడి ఉత్తర్వుతో డిపోర్టేషన్లు ఆపేయడం కుదరదని డాకా ప్రకటనకు ముందు ఏడాది ఒబామాయే అన్నారు. పునాది లేని ఇంట్లో లక్షల మందిని దింపడం వల్లే ఈనాటికీ ఏ కోర్టు ఏమంటుందోనని వాళ్లు భయపడుతూ బతకాల్సి వస్తోంది. అయితే ఆ తప్పు ఎవరిది? 2001లోనే రిపబ్లికన్ సెనేటర్ ఆరిన్ హాచ్, డెమోక్రాట్ డిక్ డర్బిన్ కలిసి డ్రీమ్ యాక్ట్ తెచ్చారు. 2010 డిసెంబరులో అది దిగువ సభలో 216-198తో నెగ్గింది. సెనేట్‌లో 60 ఓట్లు కావాలి, 55 వచ్చాయి. ఆ రోజు వ్యతిరేకంగా ఓటేసినవాళ్లలో ఐదుగురు డెమోక్రాట్లే. 2019లో, 2021లో ఇలాంటి బిల్లులే దిగువ సభ దాటి సెనేట్ దగ్గర ఆగిపోయాయి. ప్యూ సంస్థ 2020 సర్వేలో అమెరికన్లలో 74 శాతం మంది వీళ్లకు శాశ్వత హోదా ఇవ్వాలన్నారు. ప్రజలకు లేని అభ్యంతరం సెనేట్‌కు ఎందుకో రెండు పార్టీలూ జవాబు చెప్పాలి.

రెండో వాదన ఇంకా గట్టిది. వీళ్లని ఉండనిస్తే రేపు ఇంకా చాలామంది పిల్లల్ని ఎత్తుకుని బయల్దేరతారని. 1986లో రీగన్ హయాంలో దాదాపు 27 లక్షల మందికి చట్టబద్ధత ఇచ్చాక కూడా అక్రమ వలస ఆగలేదు కాబట్టి ఈ భయానికి ఆధారం లేదనలేం. కానీ డాకాకు ప్రకటన నాటికే ఐదేళ్లు వెనక్కి జరిపిన తేదీ పెట్టారు. 2007 జూన్ తర్వాత వచ్చినవాళ్లెవరికీ దీనివల్ల ఒరిగిందేమీ లేదు. అదీకాక, ఎవరో రేపు రాకుండా ఉండటానికి ఈ మనిషిని శిక్షించడం అన్న ఆలోచనలోనే నాకు అన్యాయం కనిపిస్తోంది. ఆ మాట అమెరికా సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. డల్లాస్‌కు తూర్పున వంద మైళ్ల దూరంలో టైలర్ అనే ఊళ్లో, పత్రాలు లేని పిల్లలు బడికి రావాలంటే ఏడాదికి వెయ్యి డాలర్లు కట్టాలన్నారు. ప్లైలర్ కేసుగా పేరుపడ్డ ఆ వ్యాజ్యంలో 5-4 మెజారిటీతో తీర్పు రాసిన జస్టిస్ బ్రెనన్, తల్లిదండ్రుల నడవడికి పిల్లల మీద భారం వేయడం న్యాయమనిపించుకోదని తేల్చారు. ఆ తీర్పు పుణ్యమా అని పన్నెండో తరగతి దాకా ప్రభుత్వ ఖర్చుతోనే చదువుతున్నారు. అంత చదువు చెప్పించాక పైచదువుకు, పనికి, ఉండటానికి వీల్లేదంటున్నారు. 2001లో దేశంలోనే మొదటగా ఈ పిల్లలకు కాలేజీల్లో స్థానికులకుండే తక్కువ ఫీజు వర్తింపజేసిన రాష్ట్రం టెక్సాస్. 2025 జూన్ 4న కేంద్ర న్యాయశాఖ ఆ చట్టంపై దావా వేసింది. రాష్ట్రం ఎదురు చెప్పలేదు. అదే రోజు చట్టం పోయింది.

మన ఇళ్లలో ఇరవై ఒకటో ఏడు

తెలుగువాళ్లలో ఈ విషయం ఎత్తితే తరచూ వినిపించేది ఒకటే: "మనం వీసాలతో వచ్చాం, క్యూలో నిలబడ్డాం. వాళ్లకెందుకు ఇవ్వాలి?" ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో ఏళ్ల తరబడి గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్న కుటుంబం ఆ మాట అంటే నేను తప్పుపట్టలేను. ఉద్యోగాల కోటాలో ఏటా లక్షా నలభై వేల గ్రీన్‌కార్డులు, ఏ దేశానికైనా ఏడు శాతానికి మించకూడదన్న పరిమితి. 2025లో కూడా పైచదువులున్న ఉద్యోగుల కోటా అయిన ఈబీ-2లో ఇండియా తేదీ 2013 దగ్గరే ఉంది, అంటే అప్పుడు దరఖాస్తు పెట్టినవాళ్ల వంతే నడుస్తోంది. నెలనెలా వీసా బులెటిన్ తెరిచి, తేదీ ఒక వారం ముందుకు జరిగినా ఫోన్లు చేసుకునే ఇళ్లవి.

కానీ ఆ ఇళ్లలోనే చూడండి. తల్లిదండ్రుల హెచ్-1బి మీద ఆధారపడి హెచ్-4 వీసాతో మూడేళ్లప్పుడు వెళ్లిన అమ్మాయికి ఇరవై ఒకటి నిండిందంటే, చట్టం దృష్టిలో ఆమె ఇక ఆ కుటుంబంలో బిడ్డ కాదు. గ్రీన్‌కార్డు వరసలోంచి ఆమె పేరు జారిపోతుంది. ఇక ఎఫ్-1 అనే విద్యార్థి వీసా తీసుకోవాలి. ఎఫ్-1 కావాలంటే చదువయ్యాక సొంత దేశానికి తిరిగి వెళ్తానని అధికారికి నమ్మకం కలిగించాలి. తెలుగు వింటే అర్థమవుతుంది గానీ చదవడం రాని, వేసవి సెలవుల్లో అమ్మమ్మ ఇంటికి తప్ప హైదరాబాద్ ఎరగని పిల్ల, నా ఇల్లు అక్కడే అని కాగితం మీద రాయాలి. అమ్మానాన్నలు గ్రీన్‌కార్డు వరసలో ముందుకు వెళ్తుంటే ఆమె మళ్లీ మొదట్నుంచి హెచ్-1బి లాటరీలో నిలబడాలి. రాకపోతే వెళ్లిపోవాలి. ఇలా రెండు లక్షల మందికి పైగా ఉన్నారని వాళ్ల తరఫున పోరాడేవాళ్ల అంచనా, అందులో ఎక్కువమంది భారతీయులే. 2025 ఆగస్టు 15 నుంచి వయసు లెక్కించే పద్ధతిని మార్చి, 2023లో కొంత సడలించిన దాన్ని మళ్లీ బిగించారు.

వీళ్లకి డాకా కూడా వర్తించదు. 2012 జూన్ 15 నాటికి చట్టబద్ధ హోదా లేనివాళ్లకే అది. మెక్సికో కుర్రాడి దగ్గర కాగితం లేదు, మన అమ్మాయి దగ్గర ఉంది. ఇద్దరి విషయంలోనూ చట్టం చూస్తున్నది తల్లిదండ్రుల ఫైలునే, ఆ పిల్లలు ఎక్కడ పెరిగారన్నది కాదు. వాళ్లకు వ్యతిరేకంగా మాట్లాడి మన పిల్లలకు న్యాయం అడిగితే మన వాదన కాళ్లు మనమే నరుక్కున్నట్టు.

ఇంకొకటి గుర్తుచేయాలి. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. హోంల్యాండ్ సెక్యూరిటీ అధికారులే నడిపిన నకిలీ యూనివర్సిటీ అది. చేరినవాళ్లలో ఎక్కువమంది ఆంధ్ర, తెలంగాణ విద్యార్థులు. అప్పుడు మనమంతా ఏమన్నాం? పిల్లలు మోసపోయారు, చేర్పించినవాళ్లతో సమానంగా చూడొద్దన్నాం. భారత విదేశాంగ శాఖ కూడా అమెరికాకు అదే చెప్పింది. ఇరవై దాటి, స్వయంగా ఫీజు కట్టిన మనవాళ్ల విషయంలో ఆ తేడా చూడమని అడిగాం. ఒళ్లో నిద్రపోతూ సరిహద్దు దాటిన బిడ్డ విషయంలో అంతకన్నా ఎక్కువే చూడాలి.

పంపితే ఏమవుతుంది?

మెక్సికో నగరంలో విప్లవ స్మారకం చుట్టుపక్కల వీధులకు లిటిల్ ఎల్ఏ అని పేరుపడింది. అమెరికాలో పెరిగి, వెనక్కి పంపబడినవాళ్లు అక్కడి కాల్ సెంటర్లలో అమెరికా కస్టమర్లతో అమెరికా యాసలో మాట్లాడి బతుకుతుంటారు. వాళ్ల స్పానిష్‌లో ఇంగ్లిష్ యాస దొర్లుతుంది. స్థానికులకు వాళ్లు పరాయివాళ్లు. తల్లి లాస్ ఏంజెలిస్‌లో ఉంటే కొడుకు ఇక్కడ ఉంటాడు. ఆమెకు కాగితాలు లేవు కాబట్టి చూడటానికి వచ్చే వీల్లేదు, వస్తే తిరిగి వెళ్లే వీల్లేదు. అతను పదేళ్లు వెళ్లలేడు.

ఈ చట్టం ఎంతదాకా వెళ్లిందో తెలియాలంటే దత్తపుత్రుల సంగతి చూడాలి. కొరియా నుంచి, ఇంకా ఇతర దేశాల నుంచి అమెరికా దంపతులు చట్టప్రకారం దత్తత తెచ్చుకున్న పిల్లల్లో కొందరికి, పెంచినవాళ్లు పౌరసత్వం దరఖాస్తు పెట్టడం మరిచిపోయారు. 2000 నాటి చట్టం దత్తపుత్రులకు ఆటోమేటిగ్గా పౌరసత్వం ఇచ్చింది గానీ, 2001 ఫిబ్రవరి 27 నాటికి పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లను వదిలేసింది. అలా మిగిలిపోయినవాళ్లలో ఏదో నేరంలో ఇరుక్కున్న కొందరిని, భాష రాని, బంధువు లేని కొరియాకు పంపేశారు. పెంచినవాళ్లు ఒక ఫారం నింపని నిర్లక్ష్యానికి నలభై ఏళ్ల మనిషి దేశం పోగొట్టుకున్నాడు.

నిజానికి ఈ చిక్కు విప్పే పద్ధతి అమెరికా చట్టంలోనే ఉంది. 1929లో రిజిస్ట్రీ అని ఒక ఏర్పాటు పెట్టారు. 1921 జూన్ 3కి ముందు వచ్చి, అక్కడే ఉంటూ, మంచి నడవడితో ఉన్నవాళ్లకు, ఎలా వచ్చారన్న దాన్ని పట్టుకుని వేలాడకుండా శాశ్వత నివాసం ఇచ్చేవారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ తేదీని ముందుకు జరిపారు. 1940లో, 1958లో, 1965లో, చివరగా 1986లో. అప్పుడు పెట్టిన 1972 జనవరి 1 నేటికీ మారలేదు. 1986లో రీగన్ సంతకం చేసిన చట్టం పద్నాలుగేళ్లు వెనక్కి చూసింది. అదే పద్నాలుగేళ్ల ఎడం 2025లో పాటించి ఉంటే తేదీ 2011కు వచ్చేది. డాకాలో ఉన్న ప్రతి ఒక్కరూ 2007 జూన్ 15 నాటికే వచ్చినవాళ్లు కాబట్టి, వేరే పథకం, వేరే కోర్టు కేసు అక్కర్లేకుండా నడవడి బాగున్న వాళ్లంతా ఆ తేదీ కిందికే వచ్చేవారు. దీనికి అమెరికా కాంగ్రెస్, వలస చట్టంలో రిజిస్ట్రీ ఉన్న సెక్షన్ 249లో ఒక్క తేదీ మారిస్తే చాలు. దేశాలవారీ పరిమితి ఎత్తేయాలని వాషింగ్టన్‌లో ఏళ్లుగా తిరుగుతున్న మన సంఘాలు, హెచ్-4 పిల్లల కోసం అడిగే వినతిపత్రంలోనే ఈ సెక్షన్ నంబరు కూడా రాయాలి.